బోను చేసినవాళ్లు, మూత పెట్టినవాళ్లు

ఎలుకల్ని పట్టడం గురించి ఎవరు చరిత్ర రాసినా బోనుతోనే మొదలుపెడతారు. ఏ దేశంలో ఎవరు ఏ బోను చేశారు, ఏ సంవత్సరంలో పేటెంటు తెచ్చుకున్నారు, అన్నీ లెక్కగా రాసి ఉంటాయి. బియ్యం డబ్బాకు మూత బిగించిన మనిషి పేరు మాత్రం ఎక్కడా కనబడదు. రాత్రి పడుకునే ముందు గిన్నెల మీద మూతలు సరిచూడటం, పొయ్యి గట్టు మీద మెతుకు లేకుండా తుడవడం, గోడ మూల కన్నం కనబడితే అందులో గుడ్డపేలికో రాయో కుక్కడం వేల ఏళ్లుగా నడుస్తున్న పనులు. ఎక్కువ ఇళ్లలో వాటిని చేసింది ఆడవాళ్లే. వాటిని ఎవరూ కనిపెట్టడం అనలేదు, ఇంటిపని అన్నారు. కానీ చరిత్రను కాస్త నిదానంగా చూస్తే, ఎలుకను ఇంట్లో నిలవనీయకుండా చేసింది బోను కంటే ఈ ఇంటిపనే అని తెలుస్తుంది.

ముందు ఏ ఎలుక గురించి మాట్లాడుకుంటున్నామో చెప్పుకుందాం. మనం అన్నిటినీ ఎలుకలే అంటాం కానీ ఇంటి చుట్టూ తిరిగేవి ముఖ్యంగా మూడు రకాలు. ఇరవై గ్రాముల బరువు కూడా ఉండని చిట్టెలుక ఒకటి. కొన్ని ఊళ్లలో దీన్నే చుంచెలుక అంటారు. అటకల మీదా చూరుల్లోనూ పరుగెత్తే పెద్ద నల్లెలుక రెండోది. మురికి కాలవల దగ్గర, పెరట్లో, ధాన్యం కొట్టు కింద పెద్ద పెద్ద బొరియలు తవ్వే పందికొక్కు మూడోది. ఇంగ్లీషువాళ్లు వాడే బాండికూట్ అన్న మాట మన పందికొక్కు నుంచి వెళ్లిందే. మన మాట ఒకటి ప్రపంచానికి వెళ్లిందని గర్వపడదామంటే అది కాస్తా పందికొక్కు అయి కూర్చుంది!

ఈ మూడింటిలో మన వంటింటిని తన ఇల్లు చేసుకున్నది చిట్టెలుక. దాని శాస్త్రీయ నామం మస్ మస్క్యులస్. సంస్కృతంలో మూషికం, లాటిన్‌లో మస్, ఇంగ్లీషులో మౌస్ ఒకే కుదురు నుంచి వచ్చిన మాటలు. దొంగిలించడం అనే అర్థమున్న సంస్కృత ధాతువు ‘ముష్’తో వాటికి సంబంధం ఉందంటారు. అంటే పేరు పెట్టేనాటికే దాని సంగతి మనవాళ్లకు బాగా తెలుసన్నమాట.

మనుషులు వ్యవసాయం మొదలుపెట్టి ధాన్యం నిల్వ చేశాకే ఎలుకలు ఇళ్లలోకి వచ్చాయని చాలాకాలం అనుకున్నారు. ఇజ్రాయెల్‌లోని ఐన్ మల్లాహా అనే చోట దొరికిన చిట్టెలుకల పళ్లు ఆ ఆలోచనను మార్చాయి. అక్కడ సుమారు 15,000 ఏళ్ల కిందటి నుంచి మనుషులు రాతి గోడల గుడిసెలు కట్టుకుని ఉండేవారు. వాళ్లు రైతులు కారు. వేటాడుతూ, అడవి గింజలు ఏరుకుంటూ బతికినవాళ్లు. 2017లో వెలువడిన పరిశోధనలో, ఆ పళ్ల ఆకారాన్ని బట్టి ఏ కాలంలో ఏ జాతి ఎలుకలు ఉండేవో శాస్త్రవేత్తలు పోల్చి చూశారు. మనుషులు ఒకేచోట ఎక్కువకాలం ఉన్న రోజుల్లో ఇంటి చిట్టెలుకలు ఎక్కువగా ఉన్నాయి. మనుషులు మళ్లీ తిరుగుడు బతుకు మొదలుపెట్టిన రోజుల్లో పొలం ఎలుకలు వాటి స్థానంలోకి వచ్చాయి.

అంటే చిట్టెలుక వచ్చింది పంట కోసం కాదు, కాపురం కోసం. మనిషి ఒకచోట పొయ్యి పెట్టి, నాలుగు గింజలు దాచుకుని, మళ్లీ రేపు కూడా ఇక్కడే ఉంటాను అనుకున్న రోజున దానికి ఇల్లు దొరికింది. ఇల్లు ఎంత పాతదో ఎలుక అంత పాతది.

ఎలుక వచ్చాక పిల్లి వచ్చింది. సైప్రస్ ద్వీపంలో సుమారు 9,500 ఏళ్ల కిందటి ఒక సమాధిలో మనిషి పక్కనే పిల్లిని కూడా పూడ్చిపెట్టి ఉండటం 2004లో బయటపెట్టారు. ఆ ద్వీపంలో సహజంగా పిల్లులు లేవు. ఎవరో పడవలో తెచ్చి ఉండాలి. ఈజిప్టులో పిల్లిని దేవతగా కొలిచారు. అయినా అక్కడి ఇళ్లలో ఎలుకలు పోలేదు. సుమారు 3,800 ఏళ్ల కిందట పిరమిడ్ పనివాళ్ల కోసం కట్టిన కాహూన్ అనే ఊరిని ఫ్లిండర్స్ పెట్రీ 1889లో తవ్వించాడు. దాదాపు ప్రతి గది మూలలోనూ ఎలుకలు చేసిన కన్నాలు ఉన్నాయని, వాటిలో రాళ్లూ చెత్తా కుక్కి మూశారని ఆయన రాశాడు. క్రీ.పూ. 1550 నాటి ఎబర్స్ పపైరస్ అనే వైద్యగ్రంథంలో, ఎలుకలు రాకుండా వస్తువులకు పిల్లి కొవ్వు పూయమని ఉంది. ఆ మందు పని చేసిందో లేదో గానీ, కన్నంలో రాయి కుక్కే పద్ధతి మాత్రం 3,800 ఏళ్లుగా మనతోనే ఉంది.

మన వైపు వస్తే, సింధు లోయలోని మొహెంజొదారో తవ్వకాల్లో కాల్చిన మట్టితో చేసిన చిన్న బోన్లు దొరికాయి. తవ్వినవాళ్లు వాటిని ఎలుక బోన్లుగా గుర్తించారు. చన్హుదారోలో దొరికిన ఒక ఇటుక మీద పిల్లి అడుగూ కుక్క అడుగూ పడి ఉన్నాయి. పచ్చి ఇటుక మీదుగా పిల్లి పారిపోతుంటే వెనక కుక్క తరిమిందన్నమాట! ఇటుకల ఇళ్లు, ధాన్యం, ఎలుక, పిల్లి, బోను, అన్నీ నాలుగున్నర వేల ఏళ్ల కిందటే మన దగ్గర ఉన్నాయి.

ఇక మన పెద్దవాళ్ల ఇళ్లు గుర్తు తెచ్చుకోండి. తెలుగు పల్లెల్లో ధాన్యం దాచడానికి ఎన్ని పద్ధతులుండేవో! వెదురుతో అల్లి పేడా మట్టీ మెత్తిన గాదెలు, నేలలో తవ్విన పాతర్లు, వరిగడ్డి మోకు చుట్టి కట్టిన పురులు, గరిసెలు, ఒకదాని మీద ఒకటి పేర్చిన కుండల దొంతరలు. గాదెను రాళ్ల మీద నిలబెట్టేవాళ్లు. అలా చేస్తే కింద చెమ్మ చేరదు, ఎలుక తవ్వితే కనబడుతుంది. గాదెకు మెత్తిన మట్టి బీటలిస్తే ఎలుకకు దారి దొరికినట్టే. అందుకే పండగకు ఇల్లు అలికేటప్పుడు గాదెనూ అలికేవాళ్లు. మనం దాన్ని శుభ్రమనీ సంప్రదాయమనీ అనుకుంటాం. నిజానికి అది మరమ్మతు కూడా. ఏడాదికోసారి ఇంట్లో ప్రతి బీటనూ చేత్తో తడిమి పూడ్చే మరమ్మతు.

దొంతరలో ప్రతి కుండ పైకుండకు పీట, కిందికుండకు మూత. పాలూ పెరుగూ వెన్నా ఉట్టి మీద ఉండేవి. చిట్టెలుక గోడవారనే తిరుగుతుంది, నడి గదిలోకి రావడానికి జంకుతుంది. ఉట్టిని గోడకు ఎడంగా, దూలానికి వేలాడదీయడంలో పిల్లికీ చీమకూ ఎలుకకూ ఒకేసారి దూరం పెట్టే తెలివి ఉంది. ‘ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందట’ అని ఆడవాళ్ల మీద సామెత కట్టారు గానీ, ఆ ఉట్టి కట్టి, దాని మీద ఏది ఉండాలో, ఎంతసేపు ఉండాలో చూసుకున్నది ఎవరని ఒక్క సామెతా అడగలేదు.

అదే కాలంలో యూరప్‌లో మగవాళ్లు బోన్లు తయారు చేస్తున్నారు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం వారి దగ్గర మెరోడ్ ఆల్టర్‌పీస్ అనే 15వ శతాబ్దపు బొమ్మ ఉంది. అందులో వడ్రంగి జోసెఫ్ తన పనిబల్ల మీద ఎలుక బోను పెట్టుకుని కూర్చుంటాడు. సైతానును పట్టే బోనుకు అది గుర్తు అని కళా చరిత్రకారులు అర్థం చెప్పారు. 1590లో లెనార్డ్ మాస్కల్ అనే ఇంగ్లీషు రచయిత చేపలు పట్టడం గురించి రాసిన పుస్తకంలో ఎలుకల్ని పట్టే రకరకాల బోన్ల గురించీ రాశాడు. 1861లో ఇంగ్లండులోని సెల్సీ అనే ఊళ్లో కోలిన్ పుల్లింజర్ ఒక బోను చేశాడు. ఒక ఎలుక పడగానే తనంతట తానే మరో ఎలుక కోసం సిద్ధమయ్యే బోను అది.

తీగ టక్కున పడి కొట్టే చిన్న చెక్క బోను మనందరికీ తెలుసు. దానికి అమెరికాలో 1894లో విలియం హుకర్ పేటెంటు తీసుకున్నాడు. కొద్ది సంవత్సరాలకే ఇంగ్లండులోని లీడ్స్‌లో జేమ్స్ హెన్రీ అట్కిన్సన్ అలాంటిదే చేసి లిటిల్ నిప్పర్ అని పేరు పెట్టి అమ్మాడు. 1913లో దాని హక్కుల్ని 1,000 పౌండ్లకు ఇచ్చేశాడు. ఒక్క అమెరికాలోనే ఇప్పటివరకు ఎలుక బోన్లకు నాలుగు వేలకు పైగా పేటెంట్లు ఇచ్చారు. అన్ని బోన్లు వచ్చినా ఎలుకలు ఎందుకు తగ్గలేదు?

లెక్క చూస్తే అర్థమవుతుంది. ఆడ చిట్టెలుక మూడు వారాల్లో ఈనుతుంది. ఒక్కో ఈతకు అయిదారు పిల్లలు, ఏడాదికి అయిదు నుంచి పది ఈతలు. ఆ పిల్లలు ఆరు వారాలకే మళ్లీ ఈడుకొస్తాయి. రోజుకు మూడు గ్రాముల గింజలు చాలు దానికి. అంటే మన వంటింట్లో గట్టు కింద రాలిన గింజలే ఒక సంసారానికి సరిపోతాయి. బోను ఒక ఎలుకను తీసేస్తుంది. ఆ ఎలుక తినాల్సిన గింజను మాత్రం అక్కడే ఉంచుతుంది. దాన్ని తినడానికి మరొకటి పెరుగుతుంది.

అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో దీనికి రుజువు దొరికింది. అక్కడివి పెద్ద ఎలుకలు, చిట్టెలుకలు కావు, కానీ పాఠం ఒకటే. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో కర్ట్ రిక్టర్ అనే శాస్త్రవేత్త కొత్త విషం తయారుచేసి ఊరంతా పెట్టించాడు. ఎలుకలు చచ్చాయి, కొన్నాళ్లకు మళ్లీ నిండాయి. ఆ తర్వాత అదే నగరంలో డేవిడ్ డేవిస్ అనే శాస్త్రవేత్త, చంపడం వల్ల వచ్చే తగ్గుదల నిలవదని చూపించాడు. చెత్తను మూత ఉన్న డబ్బాల్లో వేసి, ఇళ్లు బాగుచేసి, తిండీ దాగే చోటూ లేకుండా చేస్తే తగ్గినవి తగ్గినట్టే ఉన్నాయి. గాదె బీటలు అలికి పూడ్చిన ఆడవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు.

ఎలుకను వదిలేసి ఇంటి మీద పడితే ఏమవుతుందో మన దేశానికి 1896లో తెలిసింది. ఆ ఏడాది బొంబాయిలో రేవుకు దగ్గరున్న మాండ్వీలో, ధాన్యం గోదాముల మధ్య, ప్లేగు బయటపడింది. ఆ రోగాన్ని మోసింది ముఖ్యంగా నల్లెలుకలు, వాటి ఒంటి మీది ఈగుల్లాంటి పురుగులు. ఆ సంగతి అప్పటికి అధికారులకు తెలియదు. 1897లో అంటువ్యాధుల చట్టం తెచ్చి ఇళ్లలోకి చొరబడ్డారు. సామాన్లు వీధిలో వేసి తగలబెట్టారు. పెంకులు ఊడదీశారు. స్టేషన్లలో ఆడవాళ్లను అందరి ముందూ ఒళ్లు తడిమి పరీక్ష చేశారని పెద్ద గొడవలయ్యాయి. పూనాలో ఆ కోపమే ప్లేగు అధికారి రాండ్ హత్య దాకా వెళ్లింది. ‘ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు’ అని మన సామెత. ఇక్కడ ఎలుకను అసలు పట్టించుకోకుండానే ఇంటికి నిప్పు పెట్టారు.

ప్లేగు ఎలుక నుంచి దాని పురుగు ద్వారా మనిషికి వస్తుందని 1898లో పాల్ లూయీ సిమాండ్ కరాచీలో ప్రయోగం చేసి చూపించాడు. తర్వాత ప్లేగు కమిషన్ పరిశోధనలు అదే నిజమని తేల్చాయి. దాంతో ఇల్లు ఎలా కట్టాలన్న ఆలోచన మారింది. వెలుతురు, గాలి, గట్టి నేల, ఇంటికీ ఇంటికీ మధ్య ఎడం ఉండాలన్నారు. హైదరాబాదులో 1908 వరద, 1911 ప్లేగు చూశాక 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. మన నగరాల్లో కొన్ని వెడల్పు రోడ్ల వెనక ఎలుకల చరిత్ర కూడా ఉందన్నమాట.

బోను తర్వాత వచ్చింది విషం. ఇది ఇంట్లో పిల్లలున్న ప్రతి తల్లీ తెలుసుకోవాల్సిన భాగం. పంతొమ్మిదో శతాబ్దంలో భాస్వరం ముద్దను ఎలుకల మందుగా అమ్మారు. అదే భాస్వరంతో లండన్ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల్లో ఆడపిల్లలు పని చేసేవారు. దాని పొగకు వాళ్ల దవడ ఎముకలు కుళ్లిపోయేవి. 1888లో వాళ్లు సమ్మె చేశారు. వాళ్ల కష్టాన్ని పత్రికలో రాసి అండగా నిలిచింది అనీ బిసెంట్. మన మదనపల్లెలో ఆవిడ పేరుతో కాలేజీ ఉన్న ఆ బిసెంటమ్మే. 1906లో బెర్న్ నగరంలో కొన్ని దేశాలు చేరి అగ్గిపుల్లల్లో ఆ భాస్వరం వాడకూడదని ఒప్పందం చేసుకున్నాయి. అగ్గిపుల్ల నుంచి పోయిన భాస్వరం ఎలుకల మందు ట్యూబుల్లో మాత్రం మిగిలింది. మన దేశంలో కూడా కిరాణా కొట్లలో కూరగాయలంత సులువుగా దొరికింది.

ఆ ట్యూబు చూడటానికి టూత్‌పేస్టులా ఉంటుంది. అదే ప్రమాదం. పిల్లలు పొరపాటున నోట్లో పెట్టుకున్న సంఘటనల గురించి డాక్టర్లు ఎన్నోసార్లు రాశారు. ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. మొదటి రోజో రెండు రోజులో పెద్దగా ఏమీ కనబడకపోవచ్చు, కాలేయం దెబ్బతిన్న సంగతి తర్వాత బయటపడుతుంది. కాబట్టి ఏ ఎలుకల మందైనా ఎవరి నోట్లోకి వెళ్లినా, బాగానే ఉన్నారు కదా అని ఆగకుండా, ఆ ప్యాకెట్ చేత్తో పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

చెప్పడానికి కష్టమైనా మనం మాట్లాడుకోవాల్సింది ఇంకొకటుంది. మనుషులం, ఏదో ఒక రోజు మనసు బాగా విరిగిపోతుంది. ఆ గడ్డు ఘడియ దాటితే చాలామంది బతికి బట్టకడతారు. ఆ ఘడియలో చేతికందే చోట విషం ఉండకూడదు. శ్రీలంక 1990ల్లో అతి ప్రమాదకరమైన పురుగుమందుల్ని నిషేధిస్తూ వచ్చాక, పదేళ్లలో అక్కడ ఆత్మహత్యల రేటు దాదాపు సగానికి తగ్గింది. ఇంట్లో విషం లేకపోవడం దానికదే ఒక రక్షణ. ఎలుకల కోసమని తెచ్చి సగం వాడి గూట్లో పెట్టిన ట్యూబు ఉంటే, ఈ వ్యాసం చదవడం ఆపి ముందు దాన్ని ఇంట్లోంచి తీసేయించండి.

మరో రకం మందు కథ వేరు. 1920ల్లో కెనడా, అమెరికాల్లో బూజు పట్టిన క్లోవర్ గడ్డి తిన్న పశువులు రక్తం గడ్డకట్టక చచ్చిపోయేవి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్ బృందం ఆ గడ్డిలోని పదార్థాన్ని వేరు చేసింది. దాని ఆధారంగా చేసిన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా వచ్చింది. 1954లో అదే మనుషులకు రక్తం పలచబడే మందైంది. గుండె కవాటం మార్పించుకున్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఆ మాత్రల పేరు మీకు తెలిసే ఉంటుంది. కానీ 1958కల్లా స్కాట్లండులో ఆ మందుకు లొంగని ఎలుకలు కనబడ్డాయి. చిట్టెలుకలు మరీ మొండివి. అవి ఒకేచోట కడుపు నిండా తినవు, ఇరవై చోట్ల కొరుకుతాయి. అంతకంటే ఘాటైన మందులు తర్వాత వచ్చాయి. ఆ మందులు తిన్న ఎలుకను తిన్న పిల్లీ గుడ్లగూబా కూడా చస్తాయి. అంటే ఎలుకల్ని పట్టిపెట్టే జీవాల్ని కూడా మనమే చంపుకుంటున్నాం.

జిగురు అట్టలు తేలిగ్గా కనబడతాయి కానీ అందులో అతుక్కున్న జీవి గంటల తరబడి విలవిలలాడుతుంది. పొద్దున్నే దాన్ని తీసి పారేయాల్సిన పని ఎవరి వంతవుతుందో మనకు తెలుసు. వాటిని ఆపించమని భారత జంతు సంక్షేమ మండలి రాష్ట్రాలకు రాసింది. ఇంగ్లండులో మామూలు జనం వాటిని వాడకూడదని చట్టం చేశారు, 2024 నుంచి అది అమల్లో ఉంది.

ఇంత చరిత్రా చెప్పాక మన వంటింట్లో ఏం చేయాలో క్రమం తప్పకుండా చెప్పుకోవచ్చు. మొదటిది మూత. బియ్యం, పప్పులు, పల్లీలు, పిల్లల బిస్కెట్లు, కుక్కకు పెట్టే తిండి, పూజ గదిలో ప్రసాదం, అన్నీ స్టీలు డబ్బాల్లోనో గాజు సీసాల్లోనో ఉండాలి. ప్లాస్టిక్ సంచిని చిట్టెలుక నిమిషాల్లో కొరుకుతుంది. రెండోది కన్నం. పెన్సిల్ దూరే సందు ఉంటే చిట్టెలుక దూరుతుంది. సింకు కింద పైపు గోడలోకి వెళ్లే చోటు, గ్యాస్ పైపు కన్నం, తలుపు కింది సందు, ఏసీ పైపు దగ్గర చూడండి. స్టీలు పీచు కుక్కి పైన సిమెంటు మెత్తితే కొరకలేదు. కాహూన్ ఇల్లాలు రాయి కుక్కినట్టే.

మూడోది బోను. లోపల మిగిలిపోయినవాటికి అదే దారి. పెద్ద ఎలుక కొత్త వస్తువును చూసి భయపడుతుంది, చిట్టెలుక అలా కాదు, వచ్చి వాసన చూస్తుంది. అది తన గూడు చుట్టూ కొద్ది మీటర్లే తిరుగుతుంది. అందుకని ఒక బోను గది మధ్యలో పెట్టే బదులు, నాలుగైదు బోన్లు గోడవారగా దగ్గర దగ్గరగా పెట్టాలి. కాస్త వేరుశనగ ముద్ద చాలు. పెంటికలు కనబడితే పొడి చీపురుతో ఊడ్చకుండా, తడిపి గుడ్డతో తుడవాలి. అపార్ట్‌మెంట్ అయితే ఒక్క ఫ్లాటు చేస్తే సరిపోదు. పైపుల దారి అందరికీ ఒకటే. కాబట్టి చెత్త గది గురించి, పైపుల సందుల గురించి సంఘం మీటింగులో అడగాల్సిందే.

ఆ మీటింగులో ఎలుకల మాట వస్తే మందు పెట్టించేద్దాం అని తేల్చేయడం మామూలే. అది ఒక్కరోజు పని, బిల్లూ ఉంటుంది. మూతలకూ కన్నాలకూ బిల్లు ఉండదు, అందుకే లెక్కలోకి రావు. బాల్టిమోర్ సంగతి వాళ్లకు చెప్పండి. అలాగే ఇంట్లో రాత్రిపూట మూతలు సరిచూసే పనిని పిల్లలకూ ఇంటాయనకూ వంతులేసి పంచండి. ఇల్లు పుట్టినప్పటి నుంచి ఉన్న పని అది. ఒక్కరి చేతి మీదే ఎందుకు ఉండాలి?